మాగ్నెట్టు పోయిన ఇంజను

1996 నవంబరు 6. ఆ రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లకి ఆ తేదీ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుపాను వెయ్యిమందికి పైగా మనుషుల్ని పొట్టన పెట్టుకుంది. తెల్లవారి బయటికొచ్చి చూస్తే తోటల్లో కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి ఉన్నాయి. చెట్ల కింద తీగలు, తీగలతో పాటే ఒరిగిపోయిన స్తంభాలు. కరెంటు ఎప్పుడొస్తుందని అడగడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు.

మాది అమలాపురం దగ్గర కాలవగట్టు మీది ఊరు. మంచినీళ్ల చెరువు నిండా ఆకులు, మట్టలు, చచ్చిన కోళ్లు. ఆ నీళ్లన్నీ తోడి పారబోసి, కాలవ తేరుకున్నాక మళ్లీ నింపుకోవాలి. గట్టు మీద కరెంటు మోటారు ఉంది, దాన్ని తిప్పే కరెంటు లేదు. అప్పుడు మా మావయ్యకి పాకలో మూలన పడున్న ఆయిలింజను గుర్తొచ్చింది.

ఇప్పటి పిల్లలకి ఆయిలింజను అంటే డీజిలు ఇంజనే. మావయ్యది అంతకు ముందు తరానిది. పెట్రోలు పోసి స్టార్టు చేసి, వేడెక్కాక కుళాయి తిప్పి కిరసనాయిలు మీదికి మార్చే రకం. ఒకే సిలిండరు, రెండు వైపులా రెండు బరువైన చక్రాలు, నిమిషానికి ఆరేడు వందల చుట్లు. పేరుపలక ఎప్పుడో ఊడిపోయింది కనక అది ఏ కంపెనీదో నేను చెప్పలేను. మావయ్యకి అది ‘ఇంగ్లీషింజను’, అంతే. ఇంగ్లండులోని డర్స్‌లీ అనే ఊళ్లో లిస్టర్ కంపెనీవాళ్లు 1926 నుంచి కొన్ని దశాబ్దాల పాటు డి రకం అనే ఒకటిన్నర గుర్రాల చిన్న ఇంజను చేశారు. ఆ కాలంలో ఆ తరహా ఇంజన్లు ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగాయి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో మొదలైనా, తీగలు లంక గ్రామాల దాకా రావడానికి ఏళ్లు పట్టింది. అన్నాళ్లూ ఏతాం తర్వాత నీళ్లు తోడే దిక్కు అలాంటి ఇంజన్లే.

ఇంజను బయటికి లాగాం. బాగా తిరుగుతోంది, కంప్రెషను ఉంది. రవ్వే లేదు. పాకలోకి వచ్చిన నీళ్లు మాగ్నెట్టుని ముంచేశాయి.

మాగ్నెట్టు, అంటే మాగ్నెటో, ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. బ్యాటరీ అక్కర్లేకుండా, ఇంజను తిరిగే తిరుగుడుతోనే కరెంటు పుట్టించి, దాన్నే రవ్వగా మార్చి ప్లగ్గుకి అందించే పెట్టె అది. లోపల కాయిలు అనే తీగచుట్ట, దాంట్లో కరెంటుని కలిపి విడదీసే పాయింట్లు ఉంటాయి. జర్మనీలో రాబర్ట్ బోష్ 1887లో తన మొదటి మాగ్నెటో తయారుచేసింది మోటారుకారు కోసం కాదు, ఇలా ఒకచోట కదలకుండా కూచుని పనిచేసే ఇంజను కోసమే. అది తక్కువ వోల్టేజీది. ఎక్కువ వోల్టేజీతో ప్లగ్గు కొన దగ్గర రవ్వ దూకించే మాగ్నెటోని 1902లో ఆయన దగ్గర పనిచేసే హోనోల్డ్ అనే ఇంజనీరు తెచ్చాడు. మన ఊళ్లలో స్కూటరు ఉన్న ప్రతివాడికీ తెలిసిన మైకో ప్లగ్గు ఆ వంశంలోదే. మైకో 1951లో బోష్‌తో కలిసి పుట్టిన కంపెనీ.

మావయ్య కబురు పెడితే మేస్త్రీగారు వచ్చారు. గోదావరి మీద లాంచీ ఇంజన్లతో జుట్టు నెరిసిన మనిషి. నేను అప్పుడే పాలిటెక్నిక్కు ముగించి వచ్చాను. ఆయన మాగ్నెట్టు మూత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

‘‘కాయిలు సచ్చిందండి. లక్క నాని కంపు కొడతంది. పాయింట్లు మాత్రం బతికే ఉన్నాయి’’ అన్నారు.

‘‘ఇప్పుడెలా మేస్త్రీగారూ? కొత్తది ఎక్కడ దొరుకుతుంది?’’ అన్నాడు మావయ్య.

‘‘దొరకదండి. అయినా మనకి కావలసింది మాగ్నెట్టు కాదు కదండీ, రవ్వ. అదీ ఏళకి రావాలి.’’

ఆ ఒక్క మాట కోసమే ఇవాళ నేను మీతో మాట్లాడుతున్నాను. పాలిటెక్నిక్కులో మూడేళ్లు చదివినా ఆ విషయం నాకు అలా ఎవరూ చెప్పలేదు. రవ్వ ఎక్కడినుంచి వచ్చిందన్నది ఇంజనుకి పట్టదు. లోపల నొక్కుకుపోయిన గాలీ నూనె ఆవిరీ అంటుకోవాలి, పిస్టను పైకి చేరడానికి కాస్త ముందు అంటుకోవాలి. ఆ రెండూ జరిగితే రవ్వ అంబాసిడరు కారుదైనా స్కూటరుదైనా ఒకటే.

ఆ రోజు ఊళ్లో దొరికినవి ఇవి. కొబ్బరిచెట్టు మీదపడి నుజ్జయిన ఒక అంబాసిడరు కారులోంచి పన్నెండు వోల్టుల కాయిలు. ఒక ట్రాక్టరు బ్యాటరీ. ఒక స్కూటరు కండెన్సరు. మేస్త్రీగారు మాగ్నెట్టుని ఇంజను మీదనుంచి తియ్యలేదు. లోపల చచ్చిన కాయిలుకి పాయింట్లతో ఉన్న సంబంధం మాత్రం విడదీశారు. అంబాసిడరు కాయిలు ఒక కొసకి బ్యాటరీ, రెండో కొసకి మాగ్నెట్టు పాయింట్లు. పాయింట్ల రెండో పక్క ఎలాగూ ఇంజను ఒంటికి ఎర్తు అయి ఉంటుంది కనక వలయం పూర్తయింది. అంటే మాగ్నెట్టు అప్పటినుంచి కరెంటు పుట్టించే పని మానేసి, వేళ చెప్పే గడియారంలా మాత్రం మిగిలింది. ఇలా చెయ్యడంలో పెద్ద సుఖం ఒకటుంది. ఫ్యాక్టరీలో ఏ వేళ పెట్టారో ఆ వేళ చెక్కుచెదరదు. అన్ని మాగ్నెటోలకీ ఇది ఇంత సులువుగా కుదరదు. అయస్కాంతం తిరుగుతూ పాయింట్లు కదలకుండా ఉండే రకానికి తేలిక. కాయిలూ పాయింట్లూ కలిసి తిరిగే పాత రకాలకి తీగ బయటికి తేవడమే కష్టం.

పాయింట్లు కలిసినప్పుడు రవ్వ వస్తుందని చాలామంది అనుకుంటారు. విడిపోయినప్పుడే వస్తుంది. కలిసి ఉన్నంతసేపూ కాయిల్లోని లావు తీగలో కరెంటు పారుతూ, చుట్టూ అయస్కాంత శక్తి పేరుకుంటుంది. పాయింట్లు విడిన క్షణాన అది ఒక్కసారిగా కూలుతుంది. ఆ కూలడంలో పక్కనే వేల చుట్లుగా ఉన్న సన్న తీగలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు కొన దగ్గర దూకుతాయి. కాలవ నిండుగా పారుతుండగా తలుపు టక్కున దించితే నీళ్లు ఎదురుతన్ని గట్టు మీదికి ఎగబాకుతాయి చూడండి, కరెంటూ అంతే. అది పాయింట్ల మధ్యనే ఎగబాకితే పాయింట్లు మాడిపోతాయి, ప్లగ్గు దగ్గర ఏమీ మిగలదు. తలుపు పక్కన ఓ చిన్న గుంట తవ్వి ఉంచితే ఆ ఎదురుతన్ను అందులోకి పోతుంది. కండెన్సరు ఆ గుంట. స్కూటరుదైనా కారుదైనా దాని సత్తా సుమారు 0.2 మైక్రోఫారడు, అందుకే ఒకదాని బదులు ఒకటి సరిపోతుంది. అది లేకపోతే ఎంత గొప్ప కాయిలు పెట్టినా ఇంజను తుమ్మి ఊరుకుంటుంది.

ఆ పాత ఇంజన్లు కిరసనాయిలుతో నడవాలి కనక గాలిని మరీ గట్టిగా నొక్కవు. నాలుగున్నర, అయిదు రెట్లు, అంతే. అంతకంటే నొక్కితే కిరసనాయిలు రవ్వ కోసం ఆగకుండా తనంతట తనే టకటకా పేలుతుంది. ఒత్తిడి తక్కువైన చోట రవ్వ దూకడానికి వోల్టేజీ కూడా తక్కువే చాలు. కాబట్టి చిన్న స్కూటరు కాయిలు కూడా అంత పెద్ద ఇంజనుని నడిపించగలదు. ఇంజను సైజు చూసి భయపడనక్కర్లేదు.

వేళ సరిచూడడం ఆ రోజు కళ్లారా చూశాను. పిస్టను ఎక్కడుందో తెలుసుకోవడానికి ప్లగ్గు విప్పి, కొబ్బరి ఈనె దింపారు మేస్త్రీగారు. పచ్చి ఈనె. ‘‘ఎండిదైతే ఇరిగి లోపల పడిపోద్దండి’’ అన్నారు. చక్రం మెల్లగా తిప్పుతుంటే ఈనె పైకి లేచి, ఆగి, దిగడం మొదలుపెడుతుంది. ఆగినచోట చక్రం మీద సుద్దగీత. తర్వాత సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం ముక్క పాయింట్ల మధ్య పెట్టి, చక్రాన్ని అది తిరిగే దిక్కుకే మళ్లీ తిప్పారు. కాగితం చేతిలోకి జారి వచ్చినచోట పాయింట్లు విడినట్టు. అక్కడ ఇంకో గీత. రెండు గీతల మధ్య దూరమే లెక్క. 18 అంగుళాల చక్రమైతే చుట్టుకొలత 56 అంగుళాల పైచిలుకు. 20 డిగ్రీలు ముందు రవ్వ కావాలంటే రెండు గీతల మధ్య 3 అంగుళాలకి కాస్త ఎక్కువ ఉండాలి. ఆయన డిగ్రీలు అనలేదు. మూడు వేళ్లు పెట్టి చూసి, ఇంకో వేలు కలిపి, సరే అన్నారు. నేను టేపు పెట్టి కొలిచాను. మూడుంబావు అంగుళాలు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మాగ్నెట్టులో ఇంపల్స్ అని ఒక స్ప్రింగు ఏర్పాటు ఉంటుంది. చేత్తో మెల్లగా తిప్పుతున్నప్పుడు అది మాగ్నెట్టుని కాసేపు పట్టి ఆపి, టక్కున వదులుతుంది. దానివల్ల రెండు లాభాలు. ఒకటి, ఆ విసురుకి రవ్వ బలంగా వస్తుంది. రెండు, రవ్వ ఆలస్యంగా, పిస్టను పైకి చేరాకే వస్తుంది. ఇంజను వేగం అందుకున్నాక ఆ స్ప్రింగు పక్కకి తప్పుకుంటుంది, రవ్వ మళ్లీ ముందుకి జరుగుతుంది. మా ఇంజనుకి అది మట్టి పట్టి బిగుసుకుపోయి ఉంది. మేస్త్రీగారు దాన్ని కిరసనాయిలుతో కడగమని నాకు చెప్పి చెయ్యి కడుక్కోడానికి వెళ్లారు. బ్యాటరీ కాయిలు కదా, విసురుతో పనేముంది అనుకుని నేను కడగలేదు. స్విచ్చి వేసి హేండిలు కొట్టాను. రవ్వ ముందుగా పడింది. హేండిలు వెనక్కి తన్ని నా మణికట్టుని విసిరికొట్టింది. ఎముక విరగలేదు గానీ నెలరోజులు ఆ చేత్తో ముద్ద కలపలేకపోయాను.

ఆయన నన్ను తిట్టలేదు. హేండిలు ఎలా పట్టుకోవాలో చూపించారు. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల వైపే ఉండాలి, హేండిలుని చుట్టి పట్టుకోకూడదు. వెనక్కి తన్నినా చెయ్యి జారిపోతుంది. వింటున్నవాళ్లలో ఎవరింట్లోనైనా ఇలాంటి ఇంజను ఉంటే ఈ సంగతి మటుకు పిల్లలకి చెప్పండి. మాగ్నెటో తీసి బ్యాటరీ కాయిలు పెట్టినవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. మాగ్నెటో మెల్లగా తిప్పితే రవ్వ బలహీనంగా ఇస్తుంది. బ్యాటరీ మాత్రం ఎంత మెల్లగా తిప్పినా నిండు రవ్వే ఇస్తుంది.

సాయంత్రం నాలుగింటికి ఇంజను అందుకుంది. మొదట పెట్రోలు మీద, పది నిమిషాలయ్యాక కిరసనాయిలు మీద. దాని చప్పుడుకి వీధి వీధంతా వచ్చి చెరువు గట్టున నిలబడింది. తుపాను తర్వాత ఊళ్లో విన్న మొదటి మంచి చప్పుడు అది. రెండు పగళ్లూ ఒక రాత్రీ నడిచి చెరువు అడుగంటా తోడింది.

ఆ రాత్రి తెలిసింది ఇంకోటి. పన్నెండు వోల్టుల కాయిలు మూడు ఓములుంటే నాలుగు ఆంపియర్లు లాగుతుంది. మాగ్నెట్టు పాయింట్లు చుట్టులో ఎక్కువ భాగం కలిసే ఉంటాయి. కారులో ఇంజనే బ్యాటరీని మళ్లీ నింపుతుంది, మాకు ఆ ఏర్పాటు లేదు. తెల్లవారుజామున రవ్వ పల్చబడి ఇంజను తడబడింది. ఇంకో ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి మార్చి, మొదటిదాన్ని ట్రాక్టరుకి తగిలించి నింపుకున్నాం. ఇంజను ఆపినప్పుడు స్విచ్చి కూడా ఆపాలని మేస్త్రీగారు పదిసార్లు చెప్పారు. పాయింట్లు కలిసినచోట ఇంజను ఆగిపోతే కాయిలు అలా లాగుతూనే ఉండి కాలి, లోపలి నూనె కక్కేస్తుంది.

తర్వాతి ఏళ్లలో నేను ఇలా పాత ఇంజన్లు లేపే పని మీద చాలా చోట్ల తిరిగాను. రాజోలు వైపు లంకల్లో, కొత్తపేట దగ్గర అరటితోటల్లో, అంబాజీపేట కొబ్బరి కొట్ల వెనక పాకల్లో. బ్యాటరీ మోసే బాధ లేకుండా లూనా, టీవీయస్ మోపెడ్ల చక్రం మాగ్నెట్టు తెచ్చి పాత ఇంజను క్రాంకుకి తగిలించినవాళ్లు కనిపించారు. ఆ పాత మోపెడ్లవి రెండు స్ట్రోకుల ఇంజన్లు, చుట్టుకో రవ్వ. మన ఇంజనుకి రెండు చుట్లకొకటి చాలు. అదనపు రవ్వ పొగ బయటికి పోయే వేళ పడి వృథా అవుతుంది, దాంతో నష్టం లేదు. అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. మోపెడ్ ఇంజను ఊరికే నిలబడి తిరిగేటప్పుడే వెయ్యి చుట్లు దాటుతుంది. చేత్తో కొట్టే హేండిలు వేగానికి ఆ మాగ్నెట్టు సరిగా మేలుకోదు. పాయింట్లు లేని సీడీఐ రకమైతే అసలే మేలుకోదు. రెండో చిక్కు, తిరిగే దిక్కు. చక్రంలోని అయస్కాంతం ఒక పట్టున ఉన్నప్పుడే పాయింట్లు విడవాలి. మన ఇంజను దానికి ఎదురు దిక్కుకి తిరిగేదైతే ఆ పట్టు తప్పిపోయి రవ్వ నీరసంగా వస్తుంది. అలా నెలలు తంటాలు పడ్డవాళ్లని చూశాను. నా మటుకు నాకు మెల్లగా తిరిగే ఇంజనుకి పాయింట్లు, బ్యాటరీ, పాత కారు కాయిలు కంటే నమ్మకమైన జోడీ లేదు.

ప్లగ్గుల సంగతి తేలిక. పాత ఇంజన్లలో చాలావాటికి 18 మిల్లీమీటర్ల మర ఉంటుంది, ఇప్పుడు బజార్లో ఎక్కువగా దొరికేవి 14వి. అమలాపురంలో ఏ లేతు పనివాడైనా బయట 18, లోపల 14 మరతో ఒక బుష్ తిప్పి ఇస్తాడు. కింద రాగి వాషరు మరిచిపోకూడదు. ప్లగ్గు పొడుగు ముందే కొలుచుకోవాలి, పొడుగైంది లోపలికి దిగి వాల్వుకో పిస్టనుకో తగిలితే ఇంజను ప్రాణానికే ముప్పు. కిరసనాయిలు మసి పట్టిస్తుంది కనక కాస్త వేడిగా నడిచే రకం ప్లగ్గు తీసుకోవాలి. ఇంకో జాగ్రత్త. ప్లగ్గు విప్పి రవ్వ చూసేటప్పుడు దాన్ని సిలిండరు రంధ్రానికి దూరంగా పెట్టాలి. చక్రం తిప్పితే ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరే బయటికి కొడుతుంది.

ప్లగ్గే లేని పాత ఇంజన్లూ ఉన్నాయి. అక్రాయిడ్ స్టువర్ట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఆలోచనతో గ్రాంథమ్‌లోని హార్న్స్‌బీ కంపెనీ 1890ల్లో చేసిన రకానికి తలలో ఒక ఇనప బుడ్డి ఉంటుంది. బ్లో ల్యాంపుతో దాన్ని పది పదిహేను నిమిషాలు ఎర్రగా కాల్చాక చక్రం తిప్పాలి. ఇంకొన్ని సింగిల్ సిలిండరు డీజిళ్లకి చలిలో స్టార్టు చేయడానికి సూరేకారంలో నానబెట్టి ఆరబెట్టిన కాగితం చుట్ట అంటించి లోపల పెట్టేవారు. ఫీల్డ్ మార్షల్ అనే ట్రాక్టర్లకీ ఆ కాగితమే వాడేవారు. దీపావళికి ఇళ్లలో తారాజువ్వలు కట్టుకునే ఊళ్ల మనుషులకి అలాంటి కాగితం చేసుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

మన గాలి సంగతి కూడా చెప్పాలి. సముద్రమూ గోదావరీ పక్కనే ఉన్న నేల. పాత కాయిళ్ల తీగ మధ్య నూలు, లక్క, మైనంకాగితం ఉంటాయి. అవి వానాకాలమంతా తడి పీలుస్తాయి. వేసవిలో లేచే ఇంజను శ్రావణంలో మొరాయించడానికి చాలాసార్లు కారణం అదే. కాయిలు తీసి ఎండలో రెండు రోజులు ఆరబెడితే కొన్ని లేచి కూచుంటాయి. అయస్కాంతం విప్పాల్సి వస్తే దాని రెండు కొసల మధ్య మెత్తటి ఇనప ముక్క అడ్డం పెట్టాలి. పెట్టకపోతే దాని సత్తా తగ్గుతుంది.

వీటన్నిటిలో మేస్త్రీగారి దగ్గర నేర్చుకున్న ఒక పద్ధతిని నేను ఎప్పుడూ తప్పలేదు. అసలు భాగానికి రంధ్రం కొట్టకూడదు, కొయ్యకూడదు, వెల్డింగు పెట్టకూడదు. అరువు సామాను బిగించేది రెండు నట్లతో. అవి విప్పితే ఇంజను మళ్లీ ఎప్పటిలా ఉండాలి. ఈ ఇంజన్లు ఏటేటా కిలోల లెక్కన పాతసామాను బండి ఎక్కి వెళ్లిపోతున్నాయి. మాగ్నెటో పోయిందనీ, ప్లగ్గు దొరకదనీ అమ్మేస్తున్నారు. అమ్మే ముందు ఒక్కసారి ప్లగ్గు విప్పి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి చక్రం తిప్పి చూడండి. వేలుని నెట్టేసేంత కంప్రెషను ఉంటే ఆ ఇంజను బతికే ఉంది.

మేస్త్రీగారు పోయి చాలా ఏళ్లయింది. మావయ్య కూడా లేడు. పాక బాగుచేస్తుంటే నాకు ఒక కొబ్బరినూనె డబ్బా కనపడింది. ఆ తుపాను తర్వాత కరెంటు వచ్చాక, ఇంజను మీదనుంచి విప్పిన మాగ్నెట్టు అందులో నూనెగుడ్డ చుట్టి ఉంది. తీగతో కట్టిన అట్టముక్క మీద మేస్త్రీగారి అక్షరాలు. ‘పాయింట్లు 15. మాగ్నెట్టు మంచిది. కాయిలు చచ్చింది.’ 15 అంటే అంగుళంలో వెయ్యో వంతులు, పాయింట్ల మధ్య ఉండాల్సిన సందు.

మోటార్లకి తీగ చుట్టే ఒక కుర్రాడికి ఆ కాయిలు ఇచ్చాను. పాత తీగ ఊడదీసి, చుట్లు లెక్కపెట్టి, ఎనామిల్ తీగతో మళ్లీ చుట్టి, తడి చొరకుండా ఎపాక్సీ పోశాడు. పాయింట్లు 15కే పెట్టాను. ఇంపల్స్ స్ప్రింగుని కిరసనాయిలుతో ఈసారి నేనే కడిగాను. మూడోసారి హేండిలు కొట్టినప్పుడు లోపల టక్కుమంది, వెంటనే ఇంజను అందుకుంది.

అంబాసిడరు కాయిలుని అదే నూనెగుడ్డలో చుట్టి అదే డబ్బాలో పెట్టాను. దానికీ ఒక అట్టముక్క కట్టాను. ‘పన్నెండు వోల్టులు. మంచిది. ఇంజను ఆపాక స్విచ్చి ఆపాలి.’